గోరీకి కంచె, కొంగకు చట్టం, మరి మొగకు?

గుమ్మిడిపూండి అనగానే నేటివాళ్లకు గుర్తొచ్చేవి సిప్కాట్ కర్మాగారాలు, చెన్నై లోకల్ రైళ్లలో చాలావాటికి చివరి స్టేషను, ఆ మీదట ఎళావూరు చెక్‌పోస్టు. తమిళనాడు అక్కడికి దాదాపు సరి. ఆరంబాకం దాటితే తడ, తడ నుంచి ఆంధ్ర. ఈ తాలూకాకూ దక్షిణాన పొన్నేరి తాలూకాకూ తూర్పు అంచున పులికాట్ సరస్సు పరుచుకుని ఉంది. తమిళులు దాన్ని పళవేర్కాడు అంటారు, గట్టు మీది తెలుగువాళ్లు ప్రళయ కావేరి అంటారు, స.వెం. రమేశ్ తన కథల సంపుటికి ఆ పేరే పెట్టుకున్నారు. ఈ నీటి ఒడ్డున ప్రభుత్వం రెండింటికి రక్షణ ఇచ్చింది. ఒకటి పళవేర్కాడు ఊళ్లోని డచ్చివారి గోరీలు, వాటిది కేంద్ర పురావస్తు శాఖ బాధ్యత. రెండోది పక్షులు, వాటిది అటవీ శాఖ బాధ్యత. గోరీల శాఖకు పక్షులతో పనిలేదు, పక్షుల శాఖకు గోరీలతో పనిలేదు. చరిత్ర తిరగేస్తే మాత్రం ఈ రెండూ ఒకే తల్లి బిడ్డలని తేలుతుంది. సరస్సు సముద్రంతో కలిసే చోటు, మన వాడుకలో మొగ, ఆ తల్లి. రాయికీ రెక్కకూ రక్షణ కల్పించిన చట్టాలు మొగ దగ్గరికొచ్చేసరికి చేతులు ముడుచుకున్నాయని, అందువల్ల రక్షించామనుకున్నవి కూడా పూర్తిగా రక్షణలో లేవని ఈ వ్యాసం వాదన.

ముందుగా నీటి సంగతి. పులికాట్ లోతైన సరస్సు కాదు. చాలాచోట్ల నడుము లోతు దాటదు. తూర్పున శ్రీహరికోట ఇసుక దీవి దానికీ బంగాళాఖాతానికీ మధ్య గోడలా నిలిచింది. దక్షిణం నుంచి ఆరణి, పడమటి నుంచి కాళంగి మంచినీళ్లు తెచ్చిపోస్తాయి. ఈశాన్య రుతుపవనాల కాలంలో సరస్సు చప్పబడుతుంది, ఎండాకాలంలో ఉప్పెక్కుతుంది. ఈ రెండింటి మధ్య తూకం నిలిపేది మొగ. పోటు వేళ సముద్రపు నీరు దాని గుండానే లోపలికొస్తుంది, పాటు వేళ దాని గుండానే వెళ్లిపోతుంది. రొయ్య గుడ్లు పెట్టేది సముద్రంలో; పిల్లలు మొగ దాటి సరస్సులో చేరి, మేతమేసి పెరిగి, మళ్లీ మొగ దాటి సముద్రానికి పోతాయి. రాజహంస ముక్కు ముంచి వెతుక్కునే సూక్ష్మజీవులు బతికేది ఈ ఉప్పుకూ చప్పకూ మధ్యనున్న పలుచని నీటిలోనే. అయితే మొగ ఒక్కచోట నిలకడగా ఉండదు. తీరం వెంబడి అలలు ఇసుకను మోస్తూనే ఉంటాయి. ఏటి నీరు సన్నగిల్లగానే ఆ ఇసుక మొగను పూడ్చేస్తుంది, మంచి వరద వస్తే మళ్లీ తెరుచుకుంటుంది. సరస్సు బతుకంతా ఈ తెరుచుకోవడం మూసుకోవడంలో ఉంది. అదే దాని ఊపిరి.

ఆ ఊపిరి వల్లే ఇక్కడ రేవు వెలిసింది. కోరమండల్ తీరంలో పెద్ద ఓడ గట్టుకు ఆనుకునే చోట్లు అప్పట్లో దాదాపు లేవు. ఓడ దూరాన లంగరు వేస్తే చిన్న పడవలు సరుకు చేరవేయాలి. ఆ పడవలకు అలల తాకిడి లేని నీడ పట్టు కావాలి, వెనక నుంచి సరుకు వచ్చే దారి కావాలి. పులికాట్ ఆ రెండూ ఇచ్చింది. విజయనగర కాలంలోనే ఇది పేరున్న రేవు. 1610లో డచ్చివారు వెంకటపతి దేవరాయల అనుమతితో ఇక్కడ వర్తక స్థావరం పెట్టుకున్నారు. శాంథోమ్ నుంచి వచ్చిన పోర్చుగీసులు 1612లో దాన్ని ధ్వంసం చేస్తే, 1613లో డచ్చివారు గెల్‌డ్రియా కోట కట్టుకున్నారు. 1690లో నాగపట్నానికి మార్చేదాకా కోరమండల్ తీరంలో వారి పెత్తనమంతా ఈ కోట నుంచే సాగింది. వారికి కావలసింది బట్ట. జాజికాయ, లవంగం పండే తూర్పు దీవుల్లో వెండి కంటే మన మగ్గాల మీది గుడ్డకే గిరాకీ ఎక్కువ. తీరపు ఇసుక నేలల్లో పెరిగే చిరువేరుతో అద్దిన ఎరుపు, నూలు గళ్ల బట్టలు ఇక్కడి నుంచి ఓడలెక్కేవి. మలయా భాషలో గళ్ల లుంగీని ఇప్పటికీ కైన్ పెలెకాట్ అంటారు. ఆ పెలెకాట్ మన పులికాటే. ఊరు చిన్నబోయింది గానీ పేరు అక్కడి నడుములకు చుట్టుకుని అలాగే ఉండిపోయింది.

రేవుకు సరుకుతో పాటు మాటలూ వస్తాయి, పోతాయి. 1630లలో పులికాట్‌లో మత బోధకుడిగా పనిచేసిన అబ్రహాం రోజర్, పద్మనాభుడనే బ్రాహ్మణుణ్ణి కూర్చోబెట్టుకుని ఇక్కడి ఆచారాలను, నమ్మకాలను అడిగి రాసుకున్నాడు. ఆ పుస్తకం అతడు పోయాక 1651లో లైడెన్‌లో అచ్చయింది. దానికి అనుబంధంగా భర్తృహరి సుభాషితాలు డచ్చి భాషలో ఉన్నాయి. సంస్కృత కవిత్వం ఐరోపా భాషలోకి వెళ్లి అచ్చు చూసిన తొలి సందర్భం అది. తెలుగువాళ్లు ఏనుగు లక్ష్మణకవి పద్యాలతో నోటికి తెచ్చుకున్న ఆ భర్తృహరి, లక్ష్మణకవి పుట్టకముందే ఈ సరస్సు ఒడ్డు నుంచి ఓడెక్కి వెళ్లాడన్నమాట. గోరీల ద్వారం దగ్గర చెక్కిన రాతి అస్థిపంజరాలు, నల్లరాతి పలకల మీది కుటుంబ చిహ్నాలు, డచ్చి అక్షరాలు చూసి అచ్చెరువొందే యాత్రికుడికి ఇవన్నీ ఒక మొగ పుణ్యమని చెప్పే పలక అక్కడ ఉండాల్సింది.

ఇక్కడ ఒక అభ్యంతరం సహజంగా వస్తుంది. బట్టలతో పాటు మనుషులనూ కొని బటావియాకు ఓడలెక్కించిన డచ్చి కంపెనీ అది. కరువు కాలాల్లో పిల్లలను అమ్ముకున్న తల్లిదండ్రుల కన్నీళ్లు కూడా ఈ రేవు లెక్కల్లోనివే. అటువంటివారి గోరీలకు ప్రజల సొమ్ముతో కంచె వేయడం దేనికి? ప్రశ్న న్యాయమైనదే. అయితే రక్షణ అంటే గౌరవమని ఎవరూ రాసిపెట్టలేదు. సాక్ష్యాన్ని కూడా రక్షిస్తారు. బానిసగా వెళ్లినవాడికి గోరీ లేదు, నేతగాడికి శిలాఫలకం లేదు. వారి కథ చెప్పడానికి మిగిలిన రాతి ఆధారం వారిని కొన్నవాళ్ల సమాధులే. వాటిని చెరిపేస్తే నష్టపోయేది డచ్చివారు కాదు, పేరులేకుండా పోయినవాళ్లు. కాబట్టి గోరీలకు కంచె ఉండవలసిందే. తప్పల్లా కంచెతో పని అయిపోయిందనుకోవడంలో ఉంది. పురాతన కట్టడాల రక్షణకు చేసిన 1958 నాటి చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత కట్టడం చుట్టూ వంద మీటర్లు నిషిద్ధం, ఆపై మరో రెండు వందల మీటర్లు నియంత్రితం. రాతికి ఆ కొలత సరిపోతుంది. ఇదే తిరువళ్లూరు జిల్లాలో కుశస్థలి నది పరీవాహకంలోని అత్తిరంపాక్కంను తీసుకోండి. 1863లో రాబర్ట్ బ్రూస్ ఫుట్, విలియం కింగ్ అక్కడ రాతి గొడ్డళ్లు గుర్తించారు. 2011లో వెలువడిన పరిశోధన వాటిలో పాతవాటి వయసును దాదాపు 15 లక్షల ఏళ్లని లెక్కకట్టింది. ఆ పనిముట్లు చేసినవారి కథ ముగిసింది. మట్టి కదలకుండా చూస్తే చాలు, వాటికి ఇంకేమీ అక్కర్లేదు. పులికాట్ కథ ముగియలేదు. రోజూ రెండు పూటలా పోటుతో మొదలై పాటుతో ఆగే కథకు మూడు వందల మీటర్ల గీత ఏ మూలకు సరిపోతుంది?

మరో అభ్యంతరం చరిత్ర చదివినవారి నుంచి వస్తుంది. మొగకు అంత మహత్తు ఉంటే పులికాట్ ఎందుకు పడిపోయింది, మొగా సరస్సూ లేని మద్రాసు ఎందుకు పెరిగింది? సరస్సుకు ఉత్తరాన దుగరాజపట్నంలో స్థావరం పెట్టుకున్న ఇంగ్లీషువారు 1639లో దామెర్ల నాయకుల నుంచి మద్రాసు పొంది దక్షిణానికి వెళ్లిపోయారు. ఇసుక తీరాన, అలల మధ్య మసూలా పడవలతో సరుకు దించుకుంటూనే ఆ ఊరు మహానగరమైంది. పులికాట్ మాత్రం 1795లో ఇంగ్లీషువారి చేతిలో పడి, మధ్యలో కొన్నాళ్లు తిరిగి డచ్చివారికి దక్కి, 1825లో శాశ్వతంగా చేతులు మారింది. రేవుల జాతకాన్ని రాసేది నీరొక్కటే కాదని ఒప్పుకోవాలి. యుద్ధాలు, ఒప్పందాలు, పెట్టుబడి దానికంటే గట్టిగా రాస్తాయి. కానీ ఇక్కడ ఇంకో లెక్క ఉంది. రేవు పోయాక సరస్సు పోలేదు. పందొమ్మిదో శతాబ్దిలో తవ్విన, 1876-78 కరువు పనులతో పూర్తయి బకింగ్‌హాం పేరు పెట్టుకున్న కాలువ ఈ సరస్సు గుండానే సాగింది. మద్రాసు పొయ్యిల్లో మండిన కట్టెలు శ్రీహరికోట అడవిలో కొట్టి పడవల మీద ఆ నీళ్లలోనే తోలారు. మహానగరం గెలిచింది నిజమే, గెలిచాక కూడా ఆ సరస్సు వీపు మీదనే కూర్చుని తిన్నది. రాజకీయం రేవును చంపగలిగింది; నీటి పనిని ఆపలేకపోయింది. రేవు కంటే సరస్సే పెద్ద వారసత్వమనడానికి ఇంతకంటే ఏం కావాలి?

పక్షుల రక్షణ దగ్గరికి వద్దాం. ఆంధ్ర వైపు భాగాన్ని 1976లో, తమిళనాడు వైపు 153.67 చదరపు కిలోమీటర్లను 1980లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. రెండింటికీ ఆధారం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం. అయితే చట్టాలకు చాలా ముందే ఈ ప్రాంతపు రైతుకు పక్షి విలువ తెలుసు. అప్పటి చెంగల్పట్టు జాగీరులోని వేడంతాంగల్ రైతులు 1790ల చివర కలెక్టర్ లయనెల్ ప్లేస్ దగ్గరికెళ్లి, తమ చెరువులో పక్షులను ఎవరూ కాల్చకుండా కౌలు పట్టా రాయించుకున్నారు. అందులో కారుణ్యం ఎంతో చెప్పలేం గానీ లెక్క మాత్రం ఉంది: రెట్ట కలిసిన చెరువు నీరు పొలానికి ఎరువు. పక్షి వల్ల రైతుకు పంట, రైతు వల్ల పక్షికి చెట్టు. రెండు వందల ఏళ్లకు పైగా ఆ కొలను నిలబడిందంటే కంచె వల్ల కాదు, ఆ ఇచ్చిపుచ్చుకోవడం వల్ల. పులికాట్ అభయారణ్య ప్రకటనలో ఆ తర్కం కనబడదు. అందులో పక్షి ఒక వైపు, మనిషి ఒక వైపు. గూడబాతు తినే చేప, జాలరి పట్టే చేప ఒకే మొగ లోంచి వచ్చినవన్న సంగతి నోటిఫికేషన్ సరిహద్దుల్లో ఇమడలేదు.

సరిహద్దు అనే మాటకు ఇక్కడ ఇంకో అర్థం కూడా ఉంది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు నెల్లూరు, చెంగల్పట్టు జిల్లాల మధ్య గీత రాష్ట్రాల మధ్య గీత అయింది. రాష్ట్రాల సరిహద్దుపై పటాస్కర్ చేసిన సిఫార్సు మేరకు 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి, సత్యవేడు ప్రాంతం ఆంధ్రకు మారాయి. ఊళ్లను భాష లెక్కన పంచవచ్చు, ఎవరో ఒకరు నొచ్చుకున్నా సర్దుకుంటారు. నీటికి మాతృభాష ఏది? సరస్సులో ఎక్కువ భాగం ఆంధ్రలో పడింది, పళవేర్కాడు మొగ తమిళనాడులో పడింది. అంటే ఒంటిలో ఎక్కువ భాగం ఒక రాష్ట్రానిది, ముక్కు మరో రాష్ట్రానిది. అప్పటి నుంచీ ఎవరి వల ఏ గీత దాటిందన్న తగువులు రెండు వైపుల జాలరుల మధ్య రేగుతూనే ఉన్నాయి. దానికి తోడు శ్రీహరికోటలో అంతరిక్ష కేంద్రం వచ్చాక సూళ్లూరుపేట నుంచి దీవికి సరస్సును అడ్డంగా కోస్తూ రోడ్డు కట్ట పడింది. దేశానికి అవసరమైన రోడ్డే, కాదనలేం. కానీ కట్టకు ఉత్తరాన నీటి రాకపోకలు మందగించి ఎండాకాలంలో నేల బయటపడటం చూస్తే, గీత కాగితం మీద ఉన్నా కట్టగా మారినా సరస్సుకు ఒకటే దెబ్బ అని అర్థమవుతుంది.

మరి ఈ సరస్సును మొత్తంగా చూసిన నియమం ఎప్పుడూ లేదా? ఉంది, అది ప్రభుత్వం రాసింది కాదు. మొగ దగ్గరి పాయల్లో రొయ్య వలలు కట్టే చోట్లను జాలరి కుప్పాలు తమలో తాము పంచుకునే పద్ధతిని పాడు అంటారు. మంచి చోటు ఒకడికే దక్కకూడదు. కాబట్టి చీటీలు వేసి, వంతులు కట్టి, ఈ రోజు నీది రేపు నాది అని తిప్పుకుంటారు. ఎన్ని వలలు, ఏ చోట, ఎవరి రోజు అన్నది కుల పంచాయతీ తేలుస్తుంది. మొగ పారితేనే పాడు నడుస్తుంది. పూడితే వంతుకు విలువే లేదు. అందుకే మొగ మీద కన్నేసి ఉంచడం ఆ కట్టుబాటులోనే ఇమిడి ఉంది. దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని దాటవేయకూడదు. పాడు అందరిదీ కాదు. పట్టణవర్ అనే జాలరి కులంవారి కొన్ని కుప్పాలకే అది హక్కు. చేత్తో రొయ్యలు తడుముకునే యానాదికి, తర్వాత చేపల వేటలోకి వచ్చిన ఇతర కులాలకు అందులో చోటు లేదు. కులం పునాది మీద లేచిన కట్టుబాటును వారసత్వమని పూజించాలా? పూజ వద్దు. కానీ దానిలో రెండు పొరలు ఉన్నాయి: ఎవరికి వంతు అన్నది ఒకటి, వంతు అనే ఆలోచన మరొకటి. మొదటిది మారాలి. రెండోది పోతే మిగిలేది బలవంతుడి వల. 1991లో సవరించిన వన్యప్రాణి చట్టం, అభయారణ్యం లోపల పాత హక్కులను కొనసాగనివ్వడానికి కలెక్టరుకు అధికారం ఇచ్చింది. అంటే వంతును గుర్తించి, దాని తలుపు మిగిలినవారికి తెరిపించే వీలు చట్టంలోనే ఉంది. వాడుకోవడమే తరువాయి.

ఇది ఊహాలోకపు మాట అనిపిస్తే, మనవాళ్లు బతుకుతెరువుకు వెళ్లే ఒమాన్‌ను చూడవచ్చు. ఆ ఎడారి దేశం 1994లో అరేబియా ఒరిక్స్ అనే తెల్ల జింకల అభయారణ్యాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్పించింది. గీత గీశారు, కాపలా పెట్టారు. వేటగాళ్ల ధాటికి 450 దాకా ఉన్న జింకలు 65కు తగ్గాయి; ఆపై చమురు వెతుకులాట కోసం ప్రభుత్వమే అభయారణ్యాన్ని తొంభై శాతం కుదించింది. కంచే చేను మేసింది. 2007లో యునెస్కో ఆ పేరును కొట్టివేసింది. జాబితా నుంచి పూర్తిగా తొలగిన మొదటి స్థలం అదే. దానికి ఏడాది ముందు అదే దేశపు ఫలజ్ కాలువలు జాబితాలో చేరాయి. కొండ అడుగు నుంచి నీటిని వాలులో పారించి, పగలు ఎండ గడియారం చూసి, రాత్రి చుక్కలు చూసి, ఎవరి పొలానికి ఎంతసేపన్నది ఊరు పంచుకునే ఏర్పాటు అది. అటువంటివి దాదాపు మూడు వేలు ఇంకా పారుతున్నాయి. జంతువు చుట్టూ గీసిన గీత పదమూడేళ్లలో చెరిగింది, నీటి వంతు శతాబ్దాలు దాటి నిలిచింది. రెండింటినీ ఒకే కొలతతో కొలవలేమని, వేటగాడి తుపాకీకి ఫలజ్ ఎదురు నిలవలేదని అనవచ్చు. నిజమే. అయినా తేడా ఒకటి తోసిపుచ్చలేనిది: జింక బతకాల్సిన అవసరం చుట్టుపక్కల ఊళ్లకు రోజువారీగా తెలియలేదు, ఫలజ్ పారాల్సిన అవసరం ప్రతి ఇంటికీ తెలుసు.

చివరి అభ్యంతరం గుమ్మిడిపూండి నుంచే వస్తుంది. సిప్కాట్ ఉద్యోగాలు, ఎన్నూరు కాట్టుపళ్లి రేవులు ఇచ్చే కూలీ, వీటి ముందు రొయ్యల వంతు ఏపాటి? పరిశ్రమ వద్దనడం ఈ వాదన కాదు. తీరాన ఒక చోట గోడ కడితే ఇసుక నడక మారుతుందని, దాని ఫలితం కిలోమీటర్ల అవతల మొగ దగ్గర తేలవచ్చని లెక్కలో వేసుకోమనడమే. లెక్క వేయాలంటే రెండు రాష్ట్రాలు, పురావస్తు శాఖ, అటవీ శాఖ, మత్స్యశాఖ, కుప్పాల పెద్దలు ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి, ఆ బల్ల మీద ఉండాల్సిన మొదటి కాగితం మొగ పటం. గుమ్మిడిపూండి తాలూకాలో సరస్సు గట్టున సున్నంబుకుళం అనే ఊరుంది. తెలుగులో చెబితే సున్నపు కొలను. ఈ తీరంలో పాత కట్టడాలకు వాడింది గుల్ల సున్నం, గవ్వలు కాల్చి తీసినది. ఆ గవ్వలు పెరగడానికి ఉప్పునీరు కావాలి, ఉప్పునీరు రావడానికి మొగ తెరిచి ఉండాలి. గోడ రాళ్లను పట్టి నిలిపిన సున్నమూ, రాజహంస పొట్టలోని మేతా ఒకే దారిన లోపలికొచ్చాయి. ఆ దారి మూసుకుపోయిన రోజున కంచెలు రెండూ ఎక్కడివక్కడే ఉంటాయి, వాటి మధ్య కాపాడటానికి ఏమీ మిగలదు.